ఫోనులో జీవశాస్త్రం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో బిట్రగుంట ఉంది. అది రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా రోజూ ఎన్నో రైళ్లు పోతాయి.

ఒక రైలు తప్పిపోతే ఏం చేస్తాం? ఇంకో రైలు కోసం చూస్తాం. చదువూ అంతే. చిన్నప్పుడే బడి మానేసిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల కోసం ఇంకో బండి ఉంది. దాని పేరు ఓపెన్ స్కూలు.

ఓపెన్ స్కూలు అంటే ఏమిటి?

మన రాష్ట్రంలో ఓపెన్ స్కూలు 1991లో మొదలైంది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం వెలిగిన ఏడు కూడా అదే. ఇందులో రోజూ బడికి పోనక్కర్లేదు. 14 ఏళ్లు నిండితే పదో తరగతిలో చేరొచ్చు. ఇంత వయసు దాటకూడదు అనే నియమం లేదు. తల్లీ కూతురూ ఒకేసారి పరీక్ష రాయొచ్చు. అన్ని పరీక్షలూ ఒక్కసారే పాసవ్వాలని కూడా లేదు. ఐదేళ్ల గడువు ఉంటుంది.

పదో తరగతి సైన్సులో జీవశాస్త్రం ఒక భాగం. జీవశాస్త్రం అంటే ప్రాణం ఉన్నవాటి గురించి చెప్పే చదువు. చెట్టు, చేప, దోమ, మనిషి, అన్నీ అందులో వస్తాయి.

ఫోనులో పాఠం ఎట్లా వస్తుంది?

బడి పుస్తకాల్లో నల్లటి గళ్లతో చిన్న చతురం బొమ్మ ఉంటుంది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. ఫోనులో దీక్ష అనే యాప్ తెరిచి ఆ బొమ్మకి చూపిస్తే పాఠం వస్తుంది. ఈ యాప్ 2017లో వచ్చింది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. నెట్ ఖర్చు మాత్రం అవుతుంది. పాఠాన్ని ఫోనులో దాచుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా చూడొచ్చు.

బడిలో టీచరు ఒకసారి చెప్తారు. ఫోనులో పాఠం పదిసార్లు వినొచ్చు. అర్థం కాని చోట ఆపొచ్చు. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు ఒక ముక్క వినొచ్చు.

ఒక పాఠం చూద్దాం

ఆడపిల్ల పుడితే కొన్ని ఇళ్లల్లో కోడల్ని తిడతారు. "మళ్లీ ఆడపిల్లనే కన్నావా?" అంటారు. ఇది న్యాయమేనా? జీవశాస్త్రం ఏం చెప్తుందో చూడండి.

మన ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న కణాలు ఉంటాయి. కణంలో దారం పోగుల్లాంటివి 46 ఉంటాయి. వాటిని క్రోమోజోములు అంటారు. సగం తల్లి నుంచి వస్తాయి. సగం తండ్రి నుంచి వస్తాయి.

వీటిలో ఒక జత ఆడా మగా తేడాకి సంబంధించింది. ఆ జతలో తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్. తండ్రి నుంచి ఎక్స్ రావచ్చు, వై రావచ్చు. ఎక్స్ వస్తే ఆడబిడ్డ. వై వస్తే మగబిడ్డ. అంటే తేడా తెచ్చేది తల్లి కాదు. అట్లాగని తండ్రిని కూడా తప్పు పట్టకూడదు. ఏది రావాలో ఎంచుకోవడం అతని చేతిలో లేదు.

ఈ సంగతి 1905లో బయటపెట్టిన వాళ్లలో నెట్టీ స్టీవెన్స్ ఒకరు. ఆమె అమెరికా ఆడమనిషి. మొదట బడిపంతులమ్మగా పనిచేశారు. 35వ ఏట మళ్లీ పెద్ద చదువులో చేరారు. పిండిలో పుట్టే పురుగుల్ని పరీక్షించి ఈ తేడా కనిపెట్టారు.

ఫోను చాలదు

విన్నంత మాత్రాన చదువు రాదు. విన్నది నోటుబుక్కులో రాయాలి. బొమ్మ గీయాలి. చేసి చూడాలి. చల్లారిన గంజిలో కొంచెం నీళ్లు కలిపి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. నల్లటి నీలి రంగు వస్తుంది. అంటే అందులో పిండిపదార్థం ఉందన్నమాట. ఆ గంజి పారబోయండి. పిలకాయలకి అందనీయకండి.

తెలియనిది అడగాలి. అందుకే ఓపెన్ స్కూలుకి స్టడీ సెంటర్లు ఉన్నాయి. అక్కడ టీచర్లు క్లాసులు చెప్తారు. దగ్గర్లో సెంటరు ఎక్కడుందో, ఫీజు ఎంతో హైస్కూలు హెడ్మాస్టరుని అడగండి. "చదవక్కర్లేదు, డబ్బిస్తే సర్టిఫికెట్ తెస్తాం" అనేవాళ్లని నమ్మకండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. చదివింది నలుగురితో మాట్లాడుకుంటే ఇంత బలం వస్తుంది. జీవశాస్త్రం చదివినా అంతే. ఒక ఇంట్లో కోడలికి తిట్లు తప్పినా అది గెలుపే.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఆడపిల్ల పుడితే ఎవరిని అంటారు? ఈ పాఠం వాళ్లకి ఎట్లా చెప్తారు?

2. మీ వాడలో బడి మానేసిన వాళ్లు ఎవరున్నారు? వాళ్లని ఓపెన్ స్కూల్లో చేర్చడానికి ఏం చేయొచ్చు?