గట్టెక్కిన గుడి, మునిగిన మిద్దె

చిత్రపటమును గోడకు తగిలించి చూపవచ్చును. కట్టడమునెట్లు ప్రదర్శింతుము? దాని నీడన నిలిచిననే గదా అది తెలియుట! ఈ ప్రశ్నకు మన కర్నూలులోనే ఒక సమాధానము గలదు. అది జగన్నాథ గట్టు.

కృష్ణానదిపై శ్రీశైలం ఆనకట్ట లేచుటతో ఎగువ లోయకు ముంపు తప్పలేదు. అప్పుడు సంగమేశ్వరమునందలి చాళుక్యుల నాటి రూపాల సంగమేశ్వరాలయమును విప్పి, ఈ గట్టుపైకి తెచ్చి, తిరిగి నిలిపిరి. తుంగభద్రకావల, నేటి తెలంగాణలోని ఆలంపురమునకు కూడవెల్లి సంగమేశ్వరుని గుడియు ఇట్లే తరలినది. అంతకు మునుపే నాగార్జునకొండ కట్టడములను ఎత్తునకు చేర్చి, 1966లో అచ్చట ప్రదర్శనశాలను తెరచిరి.

గుడి కదలుటలోని మర్మము దాని కట్టుబడిలోనే యున్నది. ఆనాటి శిల్పులు సున్నముతో అతుకక, రాతి బరువును రాతిపైననే మోపిరి. కావున ప్రతి రాతికిని అంకె వేసి విప్పి, ఆ వరుసలోనే మరల పేర్చవచ్చును. గట్టుపై నిలిచిన మాకు ఒక్క కొరత మాత్రము తోచినది. సంగమేశ్వరుడున్నాడు, సంగమము లేదు.

ఇక ఇండ్ల మాట యేమి? 1981లో ఆ లోయలోని పల్లెలను ఖాళీ చేయించిరి. సుమారు వంద గ్రామములు, లక్ష జనము. వారి మట్టి మిద్దెలను ఎవ్వరును గట్టెక్కింపలేదు.

మిద్దెను తక్కువగా చూడరాదు. మందపు గోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరచి, చౌడుమన్ను పోసి అణచుదురు. పైరునకు పనికిరాని ఆ చౌడే ఇంటికి గొడుగు. తడియగానే అందలి సన్నని బంకరేణువులు విడివడి సందులను మూసివేయును, నీరు దిగదు. ఏటేట వానలకు ముందు మరికొంత మన్ను చల్లవలెను. వెలుతురునకు కప్పులో గవాక్షముండును. మే నెల మధ్యాహ్నము కాంక్రీటు కప్పు క్రింద ఉడుకువారికి దీని చలువను వేరుగ వర్ణింపనక్కరలేదు.

అయితే మిద్దెను విప్పిన మిగులునది మన్నే. మంటికి అంకెలు వేయలేము. నేర్పరులచేత క్రొత్తగా కట్టించి చూపుట యొక్కటే ఉపాయము. స్వీడను దేశమున స్కాన్సెన్‌లో 1891 నుండియు పల్లె ఇండ్లను నిలిపి చూపుచున్నారు. 1996లో తెరచిన చెన్నై చెంతగల దక్షిణచిత్రలో మన కోస్తా చుట్టిల్లు నిలిచియున్నది. జగన్నాథ గట్టుపై గుడి సరసన రాయలసీమ మిద్దె యొకటి ఏల నిలువరాదు? పడగొట్టుచున్న పాత ఇండ్ల దూలములు దొరకును. చౌడుమంటికి మన సీమలో కొదువలేదు. మిద్దె వేయనేర్చిన పెద్ద మేస్త్రీలు మాత్రము మన ఊళ్ళలో ఏటేట తగ్గుచున్నారు.