ఆ దీపాలు బంగారానివి కావు



మా రెండోవాడికి జ్వరం వచ్చినప్పుడు ఒకసారి థర్మామీటరు చేయిజారి పగిలింది. పాదరసం ఏరబోతే నా బంగారు గాజుకి అంటుకుని, గాజు కాస్తా వెండిలా తెల్లబడింది. కంసాలి దాన్ని కుంపటిమీద కాచి మళ్ళీ పచ్చగా చేసిచ్చాడు. నేను పక్కనే కూర్చుని వింతగా చూశాను. అలా కూర్చోకూడదని అప్పుడు తెలీదు మరి.

ఫ్రాన్సు రాజభవనాల్లో వేలాడే దీపగుచ్ఛాలూ, గోడదీపాలూ ఫొటోల్లో చూసే ఉంటారు. ఎంత బంగారమో అనుకుంటాం. లోపలంతా కంచేనండీ! కంచు పోతపోసి, ఉలితో ఆకులూ పువ్వులూ తీర్చి, పైన బంగారు పూత పెట్టారు. ఆ పూతే అసలు సంగతి.

బంగారాన్ని పాదరసంతో కలిపితే వెన్నలాంటి ముద్దవుతుంది. అది కంచుకి పూసి నిప్పులమీద కాస్తే పాదరసం ఆవిరైపోయి, బంగారం అంటిపెట్టుకుని ఉండిపోతుంది. తర్వాత కొన్నిచోట్ల నునుపురాయితో రుద్ది తళతళలాడించేవారు, కొన్నిచోట్ల మెరుపు లేకుండా వదిలేసేవారు. కొవ్వొత్తి వెలుగులో ఆ ఆకులు కదులుతున్నట్టే ఉంటాయి.

మరి ఆవిరి ఎక్కడికి పోయింది? పనివాడి ముక్కులోకి. కొన్నేళ్ళకి చేతులు వణికేవి, చిగుళ్ళు వాచి పళ్ళు ఊడేవి.

నెపోలియన్ భవనాలకు కంచు సామాను చేయించి ఇచ్చిన రావ్రియో అనే ఆయన పారిస్‌లో ఇదంతా కళ్ళారా చూశాడు. 1814లో పోతూ, పనివాళ్ళను కాపాడే ఉపాయం చెప్పినవారికి 3,000 ఫ్రాంకులు ఇమ్మని వీలునామా రాశాడు. ఆ మాట బతికుండగానే అనుకుంటే ఇంకా బాగుండేదనుకోండి. 1818లో దార్సే అనే రసాయన శాస్త్రవేత్తకి బహుమతి వచ్చింది. ఆయన కనిపెట్టిందేమిటనుకున్నారు? మంచి పొగగొట్టం!

వానాకాలంలో గొట్టం చల్లబడి, పొయ్యి పొగంతా ఇంట్లోకే తన్నుకురావడం పెద్దవాళ్ళకి తెలిసిందే. దార్సే ఇంకో చిన్న పొయ్యి పెట్టి, దాని వేడిని గొట్టంలోకి పంపాడు. వేడిగాలి పైకి లేస్తూ విషపు ఆవిరిని కూడా లాక్కుపోయేది. తర్వాత 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ల వారు కరెంటుతో పూత పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన కవరింగు నగలకు పెట్టే పూత చాలావరకు ఆ రకందే.

పాత పాదరసం థర్మామీటర్లు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. పగిలితే ముందు గాజులూ ఉంగరాలూ తీసేయండి. పిల్లల్ని అవతలికి పంపి కిటికీలు తెరవండి. చీపురు పెట్టకండి, అట్టముక్కతో పోగుచేసి సీసాలో వేసి మూత బిగించండి. నగ తెల్లబడితే ఇంట్లో స్టవ్వుమీద మాత్రం కాచకండేం!