ముందు ఆగడం రావాలి

ఆరు నెలల కోసం అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు మూడో వారం నుంచే పొద్దు గడవదు. ఇది మనందరి ఇళ్లలో ఉన్నదే. అమ్మ వంటింట్లో ఏదో ఒక పని వెతుక్కుంటుంది. కష్టమంతా నాన్నదే. మా నాన్న 31 ఏళ్లు నీటిపారుదల శాఖలో జీపు డ్రైవరుగా చేశారు. నాగార్జునసాగర్ కుడి కాలువ గట్ల మీద మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఇంజినీర్లను తిప్పిన మనిషి. అలాంటాయనకు ఒహాయోలో మా కాలనీ చుట్టూ నడవడం తప్ప పనేముంటుంది?

అందుకే రెండేళ్ల కిందట, ఆయన రావడానికి పదిహేను రోజుల ముందు ఒక పాత జీపు కొన్నాను. ఆయన కోసమే అని మా ఆవిడతో చెప్పాను కానీ, అందులో నా చిన్నప్పటి సరదా కూడా సగం ఉంది.

అది 1954 నాటి విల్లీస్ సీజే-3బీ. కొలంబస్ దగ్గరున్న మా ఇంటికి రెండు గంటల పైచిలుకు దూరంలోని టొలీడోలో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కంపెనీ సైన్యానికి జీపులు చేసింది ఆ ఊళ్లోనే. యుద్ధం ముగిసిన 1945లోనే రైతుల కోసమంటూ సీజే-2ఏ వచ్చింది. సీజే అంటే సివిలియన్ జీప్. తర్వాత వచ్చిన సీజే-3బీలో హరికేన్ ఇంజిన్ పెట్టారు. లోపలికి గాలి, పెట్రోలు తీసుకునే వాల్వులు ఈ ఇంజిన్‌లో పైన ఉంటాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగి బానెట్ కూడా పైకి లేచింది.

ఆ ఎత్తు బానెట్ ముఖం మనకు కొత్తది కాదు. 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టిన మహీంద్రా, తర్వాత ఈ నమూనానే దశాబ్దాల పాటు మన దేశంలో తయారుచేసింది. పోలీసు జీపు, తహసీల్దారు జీపు, ఎన్నికల్లో మైకు కట్టిన జీపు... మన తరం చూసినవాటిలో చాలావరకు ఈ వంశానివే. నాన్న చూసీ చూడగానే బానెట్ మీద చెయ్యేసి, "ఇది మన బండేరా! స్టీరింగే తప్పు పక్కన పెట్టారు" అన్నారు.

రంగు చూసి మోసపోయాను

మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి, గ్యారేజీలో చిన్న సుత్తి పట్టుకున్నారు. ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లారు. ముందు భాగంలో గణగణమని మోగింది. వెనక కమాన్ కట్టలు బిగించే చోటికి వచ్చేసరికి 'డబ్' అంది. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే సగం లోపలికి దిగిపోయింది. పైన మెరుస్తున్న ఆకుపచ్చ రంగు, దాని కింద పుట్టీ, ఆ కింద తుప్పు.

నేను ఆ బండికి 6,800 డాలర్లు ఇచ్చాను. అమ్మినాయన ఫొటోలు బాగా తీశాడు, నేను రంగు చూసి పడిపోయాను. మన ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా. ఆ ఉప్పునీళ్లు ఛాసిస్ లోపలికి చేరి ఏళ్ల తరబడి తినేస్తాయి. పాడైన భాగం కోసి కొత్త ఇనుము అతికించడానికి వెల్డింగ్ షాపులో మరో 1,900 డాలర్లు వదిలాయి. ఇంజిన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది. బాడీకి టింకరింగ్ చేయించుకోవచ్చు. ఛాసిస్ కుళ్లిన బండి మాత్రం కొనకూడదు. ఈ పాఠం నాన్న ఒక సుత్తితో నేర్పారు.

హ్యాండిలు కొట్టే విద్య

ఈ బండికి కరెంటు 6 వోల్టులే. సెల్ఫ్ కొడితే ముక్కుతూ ఆగిపోయేది. బ్యాటరీ మార్చినా అంతే. వోల్టేజీ సగమైతే అదే పని చేయడానికి రెట్టింపు కరెంటు పారాలి. పాత యజమాని ఎవరో ఇప్పటి కార్లకు వాడే సన్న కేబుళ్లు వేశారు. లావు కేబుళ్లు వేసి, ఎర్త్ కలిసే చోట రంగు గీకి బిగించాక సెల్ఫ్ చకచకా తిరిగింది. కంప్యూటర్లతో పాతికేళ్లుగా కుస్తీ పడుతున్న నాకు, ఒక సమస్యను కళ్లతో చూసి చేత్తో బాగుచేయడం కొత్త అనుభవం.

ఈలోగా నాన్న హ్యాండిలు కొట్టడం నేర్పారు. ముందు బంపరు దగ్గరి రంధ్రంలో ఇనుప హ్యాండిలు దూర్చి ఇంజిన్‌ను చేత్తో తిప్పడం. "ఐదు వేళ్లూ ఒకే పక్కన పెట్టు. బొటనవేలు చుట్టావంటే, ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు విరిగిపోతుంది. కింద నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొయ్యకూడదు." ఎన్నో పొద్దులు కాలువ గట్టున అలా మొదలయ్యాయట ఆయనకు.

ఆ ఆదివారం

ఇంజిన్ అందుకున్న ఉత్సాహంలో నేను రంగుల క్యాటలాగు ముందేసుకున్నాను. "బ్రేకులు చూడరా" అని నాన్న మూడుసార్లు చెప్పారు. పెడల్ గట్టిగానే ఉంది, తర్వాత చూద్దామన్నాను. శనివారం సాయంత్రం ఆయన అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకుని ఏదో బిగిస్తుంటే, ఏంటని కూడా అడగలేదు.

ఆదివారం మా పదకొండేళ్ల పాప ఎక్కుతానంది. పక్కన కూర్చోబెట్టుకుని మా ఇంటి ముందు వాలులో రోడ్డు వైపు దింపాను. 1954 బండికి సీటు బెల్టులు కూడా ఉండవు. సగం దూరంలో బ్రేకు తొక్కితే కాలు నేలకు తగిలింది. మళ్లీ తొక్కాను, ఏమీ లేదు. రోడ్డు మీద వ్యాను వస్తోంది. డ్యాష్ కింద హ్యాండ్‌బ్రేకు రెండు చేతులా లాగాను. రోడ్డుకు నాలుగడుగుల ముందు బండి ఆగింది.

ముందురోజు నాన్న బిగించింది ఆ హ్యాండ్‌బ్రేకునే. ఈ జీపుల్లో అది చక్రాల మీద కాదు, గేర్‌బాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. కాలి బ్రేకుతో దానికి సంబంధం లేదు. కాలి బ్రేకుకేమో ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే దారి. నాలుగు చక్రాల్లో ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. మా బండికి వెనక ఎడమ చక్రంలో చిన్న రబ్బరు కప్పు చిరిగింది, అంతే.

నాన్న తిట్టలేదు. పాపను దింపుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. కాసేపటికి అన్నారు: "బండి కదలడం గొప్ప కాదురా. తోస్తే ఏదైనా కదులుతుంది. ముందు ఆగడం రావాలి." తర్వాత ఇంకో మాట చెప్పారు. నాకు ఆరేళ్లున్నప్పుడు కాలువ గట్టు మీద ఆయన బండికి ఇలాగే బ్రేకులు పోయాయట. ఒక పక్క నిండు కాలువ. మట్టికుప్పకు గుద్ది ఆపుకున్నారు. "మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

తర్వాత రెండు నెలలూ బ్రేకుల పనే. చక్రాల సిలిండర్లు, పైపులు, హోసులు అన్నీ కొత్తవి వేశాం. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు గదులున్న మాస్టర్ సిలిండర్ పెట్టాం. సీటు బెల్టులు కూడా. పాతబండ్ల పిచ్చి ఉన్నవాళ్లు అసలు రూపం చెడిందంటారు. అననివ్వండి.

కొనాలనుకునేవారికి

మనవాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు చాలామందే. నా దెబ్బలు మీకు తగలకూడదని నాలుగు మాటలు చెబుతాను. టైటిల్ లేని బండి ఎంత చవకైనా వద్దు. బండి మీది ప్లేటు నంబరు, కాగితంలోని నంబరు కలవాలి. సుత్తి, స్క్రూడ్రైవరు, తెలిసిన మనిషి వెంట లేకుండా చూడ్డానికి వెళ్లొద్దు. పాత బ్రేకు డ్రమ్ముల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలితో ఊదకండి, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. అనుకున్న ఖర్చును రెండింతలు వేసుకోండి. నాకు ఇప్పటికి 15,000 డాలర్లు దాటింది. ఇన్సూరెన్సు, ముందే విలువ ఒప్పుకునే రకం తీసుకోండి. మా రాష్ట్రంలో 25 ఏళ్లు దాటిన బండికి హిస్టారికల్ ప్లేటు ఇస్తారు కానీ దానితో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. వెళ్లాలనీ అనిపించదు, 45 మైళ్ల వేగం దాటితే చెవులు పనిచేయవు!

రంగు పడకముందే నాన్న తిరుగు ప్రయాణం వచ్చేసింది. బండి ఇంకా బూడిద రంగు ప్రైమరుతోనే ఉంది. ఆదివారాలు పాపను ఎక్కించుకుని కాలనీ చుట్టూ తిరిగొస్తాను. కదిలే ముందు పెడల్ మూడుసార్లు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి చూడటం పాప పని. ఆ రాత్రి నరసరావుపేట నుంచి వీడియో కాల్ వస్తుంది. బండి నడుస్తోందా అని నాన్న ఎప్పుడూ అడగరు. "ఆగుతోందా?" అనే అడుగుతారు.