ఇరవై నాలుగోవాడు

స్కౌటు మాస్టారంటే మెడలో ఈల వేసుకుని, ఆదివారం పూట కూడా పిల్లల వెంట తిరిగే పనిలేని మనిషి అని మా ఊళ్ళో చాలామంది అభిప్రాయం. అది పూర్తిగా అబద్ధమని నేనూ అనను. కాని 2016 సంవత్సరంలో ఈ పనిలేని మనిషికి ఎనిమిది నెలలపాటు కంటినిండా నిద్ర లేదంటే నమ్ముతారా?

మా దళంలో ఇరవై నలుగురు పిల్లలు. పులి, నెమలి, డేగ అని మూడు పెట్రోళ్ళు, పెట్రోలుకు ఎనిమిది మంది, ప్రతి పెట్రోలుకూ వాళ్ళలోనే ఒక నాయకుడు. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ మొదటి శిబిరం పెట్టిననాటి నుంచీ పద్ధతి ఇదే. మన దేశంలో విడివిడిగా నడుస్తున్న సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమైన తరవాత కూడా పెట్రోలు మాత్రం పెట్రోలుగానే ఉంది. చిన్నవాణ్ణి పెద్దవాడు చూసుకోవాలి, పెద్దవాణ్ణి మాస్టారు చూసుకోవాలి. కాగితం మీద ఎంత బాగుందో చూశారా!

ఆ జనవరిలో కొండపల్లి వెళ్ళాం. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల లోపే ఊరు. పైన రెడ్డిరాజుల నాటి కోట, చుట్టూ అడవి, కింద బొమ్మలు చేసేవాళ్ళ వీధులు. పొద్దున్న టెంటు తాళ్ళు బిగించడం, మూడు రాళ్ళ పొయ్యి మీద పప్పు మాడ్చడం అయ్యాక, మధ్యాహ్నం జాడ తీసే ఆట పెట్టాను. పులి పెట్రోలు ముందుగా వెళ్ళి దారి పొడుగునా సుద్దతోనూ పుల్లలతోనూ గుర్తులు పెడుతుంది. మిగతావాళ్ళు వాటిని పట్టుకుని వెళ్ళాలి. బాణం వేస్తే ఇటు రమ్మని, అడ్డగీతలు వేస్తే ఇటు రావద్దని. వృత్తం గీసి మధ్యలో చుక్క పెడితే ‘నేను ఇంటికి వెళ్ళిపోయాను’ అని. ఆట ముగిసిన చోట పెట్టే గుర్తు అది. 1941లో చనిపోయిన బేడెన్ పవెల్ సమాధి కెన్యాలోని న్యేరి ఊళ్ళో ఉంది. ఆ రాతి మీద కూడా ఈ గుర్తే చెక్కారు. ఈ ముక్క పిల్లలకు నేను మహా రంజుగా చెప్పాను. అదే నా కొంప ముంచింది.

సాయంత్రం జెండా దించేటప్పుడు నాయకులు ముగ్గురూ వరసగా ‘ఎనిమిది’, ‘ఎనిమిది’, ‘ఎనిమిది’ అన్నారు. నేను తలలు లెక్క పెట్టలేదు. నోటి లెక్క విన్నాను, సంతోషించాను. చీకటి పడ్డాక వడ్డన మొదలుపెట్టాం. ఒక కంచం మిగిలింది.

మిగిలిన కంచం డేగ పెట్రోలులో కొత్తగా చేరిన పదకొండేళ్ళ కుర్రవాడిది. మాటలు తక్కువ మనిషి. వాడు ఎప్పుడు తప్పిపోయాడో వాడి నాయకుడికే తెలియదు.

నా జేబులో ఫోను ఉంది. వాడి జేబులో లేదు. శిబిరంలో పిల్లలకు ఫోన్లు వద్దని నిబంధన పెట్టిన మహానుభావుణ్ణి నేనే. పిల్లల్ని మరో మాస్టారికి అప్పగించి, టార్చి పట్టుకుని కోట మెట్ల వెంబడి ఈల వేసుకుంటూ తిరిగాను. ఆ గంటన్నరా నేనేం ఆలోచించానో రాయను. పిల్లలున్నవాళ్ళు ఊహించుకోగలరు.

ఎనిమిదిన్నరకు కిందినుంచి ఒక మోటారుసైకిలు వచ్చింది. “మాస్టారూ, బూడిదరంగు చొక్కా వేసుకున్న పిల్లాడు మీవాడేనా? మా వీధిలో ఉన్నాడు, రండి” అన్నాడు ఆ మనిషి.

జరిగింది ఇది: కాలిలో ముల్లు తీసుకుంటూ మావాడు వెనకబడ్డాడు. గుర్తులు చూసుకుంటూ వచ్చేసరికి వృత్తం, మధ్యలో చుక్క. చుట్టూ ఎవరూ లేరు. అందరూ ఇంటికి వెళ్ళిపోయారు కాబోలు, నేనూ వెళ్ళాలి అనుకుని, కనిపించిన కాలిబాట పట్టి కొండ దిగిపోయాడు! నేను నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా పాటించినవాడు దళం మొత్తంలో వాడొక్కడే.

నేను వెళ్ళేసరికి ఒక పెద్దాయన పక్కన కూచుని ఏనుగు బొమ్మకు తొండం అతికిస్తున్నాడు. తెల్లపొణికి కర్ర, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కు. వాడి చేతులనిండా అదే. “ఏడుస్తున్నవాణ్ణి ఊరేది, పేరేది అంటే చెప్పలేడు బాబూ. అందుకే చేతికి పని ఇచ్చాను. తరవాత దారిలో ఏమేం చూశావని అడిగాను. జెండా కర్ర, టెంట్లు అన్నాడు. కోట దగ్గరేనని మనిషిని పంపాను” అన్నాడాయన.

మర్నాడు సంగతంతా దాచకుండా వాళ్ళ నాన్నగారికి చెప్పాను. ఆయనది కిరాణాకొట్టు. కాటా మీదనుంచి కళ్ళెత్తకుండా, “ఇరవై నాలుగు వరకూ లెక్క రాని మనిషికి పిల్లాణ్ణి ఎలా పంపమంటారు మాస్టారూ?” అన్నారు. ఏం చెప్పను? ఆ వారంలో మరో ఆరుగురు మానేశారు. పిల్లవాడు మాత్రం ఆదివారాలు బడి గేటు బయట నిలబడి మేము ముళ్ళు వేస్తుంటే చూసేవాడు. చేతిలో కొట్లో పొట్లాలు కట్టే పురికొస ముక్క.

ఎండాకాలం ఊరి చెరువుగట్టు మీద ముళ్ళకంపలు కొట్టాం, ప్రథమ చికిత్స నేర్చుకున్నాం. తలలు మాత్రం నేనే, భుజం తట్టి మరీ, లెక్క పెట్టాను. ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. 12వ తేదీనుంచి 23 దాకా. విజయవాడ ఘాట్లో సేవకు మా దళాన్ని రమ్మన్నారు. మళ్ళీ కిరాణాకొట్టుకు వెళ్ళాను. ఈసారి ఆయన చాలాసేపు ఊరుకుని, “పంపుతాను. నేనూ వస్తాను” అన్నారు. నామీద కాపలాకే లెండి. కాదనే మొహం నాకెక్కడిది?

ఘాట్లో జనం ఇసకవేస్తే రాలనట్టున్నారు. రెండోరోజు మధ్యాహ్నం ఒక ముసలమ్మ తడిబట్టలతో మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. ఊరు అడిగితే చెప్పలేదు, కొడుకు పేరు అడిగితే “పెద్దాడు” అంటుంది. మైకులో ‘పెద్దాడు’ అని పిలిస్తే ఎంతమంది వస్తారు! మా పెద్ద పిల్లలు తలలు పట్టుకున్నారు. అప్పుడు మావాడు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, తన స్కార్ఫు విప్పి ఆమె చేతిలో పెట్టి, “మామ్మా, ఇది కాస్త మడతపెట్టి పెట్టవా?” అన్నాడు. ఆమె ఏడుపు ఆపి మడతపెట్టింది. “వచ్చేటప్పుడు ఏమేం చూశావు మామ్మా?” ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెరుకురసం బండి. దాని పక్కన ఇత్తడి చెంబులమ్మే మనిషి. ఎదురుగా పచ్చగుడ్డ కట్టిన పందిరి. వాడు ఆమె చెయ్యి పట్టుకుని బయలుదేరాడు, వెనక నేను, నా వెనక వాళ్ళ నాన్నగారు. పచ్చపందిరి దగ్గర ఒక నడివయసు మనిషి “అమ్మా!” అంటూ జనాన్ని తోసుకు వచ్చాడు.

వాళ్ళ నాన్నగారు నాతో ఏమీ అనలేదు. మూడోరోజునుంచి మంచినీళ్ళ డబ్బాలు మోశారు. సాయంత్రం పిల్లల్ని నాతోపాటు లెక్కపెట్టారు కూడా. ఆయన లెక్కే ముందు తేలేది.

నవంబరులో అందరం కలిసి కొండపల్లి వెళ్ళి ఆ పెద్దాయన్ని చూశాం. ఆయన మాకోసం ఒక బొమ్మ చేసి ఉంచాడు. జానెడు స్కౌటు కుర్రవాడు, చెయ్యెత్తి మూడువేళ్ళ సెల్యూటు. స్కార్ఫుకు మాత్రం మాది కాని రంగు వేశాడు. ఇరవై నలుగురిలో ఒక్కడూ ఆ మాట అనలేదు.