ఆర్.వి. వ్యర్థజలాల విసర్జన

ఆర్.వి. వ్యర్థజలాల విసర్జన అనగా రిక్రియేషనల్ వెహికల్, క్లుప్తంగా ఆర్.వి., అని పిలువబడే నివాసయోగ్యమైన వాహనంలో పోగైన మురుగునీటిని, మలమూత్రాలను, ఆరోగ్యానికీ పరిసరాలకూ హాని కలుగని రీతిలో తగిన చోట ఖాళీ చేయుట. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను ఈ వాహనాల వాడకం ఎక్కువ. పెద్ద పట్టణాల సమీపంలో ఈ పని అంత కష్టం కాదు. కాని ఎడారులలోను, అడవులలోను, ఊరికీ ఊరికీ నడుమ చాలా దూరం ఉండే పల్లె ప్రాంతాలలోను బస చేసేవారికి ఇది ముఖ్యమైన సమస్య. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలోని మారుమూల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో ఆ సమస్య, దాని పరిష్కార మార్గాలు వివరించబడ్డాయి.

అమెరికాలో నివసించే తెలుగు కుటుంబాలలో కొందరు సెలవులలో మోటార్‌హోం అద్దెకు తీసుకొని జాతీయ ఉద్యానవనాలను చూడడానికి వెళ్తుంటారు. వ్యర్థజలాల ట్యాంకులను ఖాళీ చేసి వాహనాన్ని తిరిగి అప్పగించాలని, లేనిచో అదనపు రుసుము చెల్లించాలని అద్దె ఒప్పందాలలో తరచు ఉంటుంది. కనుక ఈ విషయం సొంత వాహనం ఉన్నవారికే పరిమితం కాదు.

వాహనంలోని ట్యాంకులు

సాధారణంగా ఆర్.వి.లో మూడు ట్యాంకులు ఉంటాయి.

మంచినీటి ట్యాంకు: తాగడానికి, వంటకు, స్నానానికి కావలసిన నీరు ఇందులో ఉంటుంది.

బూడిదనీటి ట్యాంకు: వంటగది తొట్టి నుండి, స్నానాల గది నుండి వచ్చే వాడిన నీరు ఇందులో చేరుతుంది. దీనినే గ్రే వాటర్ అంటారు. ఇందులో సబ్బు, నూనె జిడ్డు, ఆహార కణాలు, కొంత సూక్ష్మజీవుల సమూహం ఉంటాయి.

నల్లనీటి ట్యాంకు: మరుగుదొడ్డి నుండి వచ్చే మలమూత్రాలు ఇందులో చేరుతాయి. దీనినే బ్లాక్ వాటర్ అంటారు.

వ్యర్థజలాల ట్యాంకులు రెంటికీ వేర్వేరు కవాటాలు ఉంటాయి. రెండూ సాధారణంగా మూడు అంగుళాల వ్యాసం గల ఒకే బయటి గొట్టానికి కలుస్తాయి. ట్యాంకు పరిమాణం వాహనాన్ని బట్టి మారుతుంది.

చరిత్ర

తొలినాటి లాగుడు బండ్లలో వ్యర్థజలాలను నిలవ చేసే ఏర్పాటు ఉండేది కాదు. వాడిన నీరు నేరుగా నేలపైకి పోయేది. బయటి నీటి, విద్యుత్తు సౌకర్యాలపై ఆధారపడకుండా నివసించడానికి వీలైన ఇంటర్నేషనల్ అనే నమూనాను ఎయిర్‌స్ట్రీం సంస్థ 1957లో ప్రవేశపెట్టింది. అయోవా రాష్ట్రంలోని విన్నెబేగో సంస్థ 1966లో మోటార్‌హోంల తయారీ ఆరంభించింది. వాహనంలోనే ట్యాంకు ఉండుట వలన ఎక్కడైనా బస చేయుటకు స్వేచ్ఛ కలిగింది. దానితో పాటు ఆ ట్యాంకును ఎక్కడ ఖాళీ చేయాలనే ప్రశ్న కూడా వచ్చింది. దీనికోసం ఏర్పడినవే డంప్ స్టేషన్లు. ఇక్కడ నేలలో మూత గల ఒక రంధ్రం, చుట్టూ వాలుగా కట్టిన సిమెంటు గచ్చు, కడుగుటకు ఒక నీటి కుళాయి ఉంటాయి. ఆ రంధ్రం ఊరి మురుగు కాలువకో, భూగర్భ సెప్టిక్ ట్యాంకుకో కలిపి ఉంటుంది.

ట్యాంకులు ఎన్ని రోజులకు నిండుతాయి?

మారుమూల ప్రాంతానికి వెళ్ళే ముందు ఈ లెక్క తప్పక వేసుకోవాలి. మంచినీటి ట్యాంకు 40 గ్యాలన్లు (సుమారు 150 లీటర్లు), బూడిదనీటి ట్యాంకు 40 గ్యాలన్లు, నల్లనీటి ట్యాంకు 30 గ్యాలన్లు (సుమారు 114 లీటర్లు) ఉన్న వాహనంలో ఇద్దరు ఉన్నారనుకుందాం. స్నానానికి, పాత్రలు కడుగుటకు ఒక్కొక్కరు రోజుకు 15 లీటర్లు వాడినచో, బూడిదనీటి ట్యాంకు 5 రోజులలో నిండుతుంది. మరుగుదొడ్డి నుండి ఇద్దరికీ కలిపి రోజుకు 10 లీటర్లు చేరినచో, నల్లనీటి ట్యాంకు 11 రోజుల వరకు సరిపోతుంది. మంచినీరు మాత్రం నాలుగు రోజులలోపే అయిపోతుంది. అనగా చాలామంది భయపడేది నల్లనీటి ట్యాంకు గురించే అయినా, ముందుగా ఇబ్బంది పెట్టేవి తక్కిన రెండూ.

ఒళ్ళు తడుపుకొని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకొని, మరల నీరు పోసుకొనే పద్ధతిలో స్నానం చేసి, పాత్రలను ముందుగా కాగితంతో తుడిచి కడిగినచో తలా 7 లీటర్లతో గడపవచ్చును. అప్పుడు బూడిదనీటి ట్యాంకు కూడా పది రోజులు వస్తుంది. మంచినీటి కొరతను తీర్చడానికి సుమారు 90 లీటర్ల నీటిని డబ్బాలలో వెంట తీసుకొని వెళ్ళాలి. అమెరికా భూ నిర్వహణ సంస్థ (బి.ఎల్.ఎం.) భూములలో ఒకేచోట ఉచితంగా బస చేయడానికి సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు అనుమతి ఉంటుంది. 14 రోజుల అనుమతి ఉన్నా ట్యాంకులు అన్నాళ్ళు ఆగవు. కనుక మధ్యలో ఒకసారైనా ఊరికి వెళ్ళి రావలసి ఉంటుందని ముందే అనుకోవాలి.

నేలపై పారబోయుట వలన హాని

నల్లనీటిలో ఈ.కోలై బాక్టీరియా, హెపటైటిస్-ఎ వైరసు, నోరోవైరసు, జియార్డియా వంటి రోగకారకాలు ఉండవచ్చును. పల్లెలలో చాలా ఇళ్ళకు బావి నీరే ఆధారం. ఎవరో ఒక రాత్రి పారబోసిన ట్యాంకు మరుసటి వానకు వాగులోనో, లోతు తక్కువగా ఉన్న బావిలోనో కలియవచ్చును. ఎడారి నేలలో తేమ తక్కువ కనుక మలినాలు కుళ్ళి మట్టిలో కలియడానికి చాలా కాలం పడుతుంది.

అడవిలో కాలినడకన తిరిగేవారు నీటి వనరులకు 200 అడుగుల దూరంలో, 6 నుండి 8 అంగుళాల లోతు గుంట తీసి మలాన్ని పూడ్చవచ్చునని చెబుతారు. ఈ నియమం ఒక మనిషి ఒకనాటి విసర్జనకు ఉద్దేశించినది. వంద లీటర్ల ట్యాంకుకు ఇది వర్తించదు. అలాగే అడవిలో ప్రభుత్వం కట్టించిన గుంట మరుగుదొడ్లలో ట్యాంకును ఒంపరాదు. వాటి కింద ఉండే తొట్టిని లారీ వచ్చి తోడుకొని పోవలసిందే. ఒక్క వాహనం ట్యాంకుతో అది పొంగిపోవచ్చును.

చట్టం

బి.ఎల్.ఎం. భూములలో వాహనం నుండి మురుగును నిర్ణీత స్థలంలో తప్ప వేరుచోట వదలరాదని కేంద్ర నిబంధన ఉంది. ఆ నిబంధన కడిగిన నీటిని మినహాయిస్తుంది. కాని రాష్ట్ర చట్టాలు, స్థానిక నియమాలు బూడిదనీటిని కూడా నిషేధించవచ్చును. జాతీయ ఉద్యానవనాలలో వాహనం నుండి ఏ వ్యర్థాన్నీ నిర్ణీత స్థలంలో తప్ప వదలరాదు. ఈ తేడాలన్నీ గుర్తుంచుకొనుట కంటే రెండు రకాల నీటినీ ట్యాంకులోనే ఉంచుకొనుట సులభం, క్షేమం.

డంప్ స్టేషన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఉద్యానవనాల శిబిరాలు: జాతీయ, రాష్ట్ర ఉద్యానవనాలలోని అనేక శిబిరాలలో ఈ సౌకర్యం ఉంది. ఉదాహరణకు డెత్ వ్యాలీలో ఫర్నేస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్, మెస్కీట్ స్ప్రింగ్ వద్ద డంప్ స్టేషన్లు ఉన్నాయి. అక్కడ బస చేయనివారు రుసుము చెల్లించవలసి రావచ్చును.

ప్రైవేటు ఆర్.వి. పార్కులు: చిన్న ఊళ్ళలో కూడా ఇవి ఉంటాయి. రాత్రి బస చేయకపోయినా రుసుము తీసుకొని ఖాళీ చేసుకోనిచ్చేవి అనేకం.

లారీల విశ్రాంతి కేంద్రాలు, పెట్రోలు బంకులు: పైలట్ ఫ్లయింగ్ జె, లవ్స్ వంటి సంస్థల కేంద్రాలలో కొన్నింటి వద్ద ఈ సౌకర్యం ఉంది. అన్నింటా ఉండదు.

రహదారి విశ్రాంతి స్థలాలు: కొన్ని రాష్ట్రాలలో మాత్రమే ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్.వి. నమోదు రుసుములోనే ఇందుకోసం కొంత మొత్తం వసూలు చేస్తారు.

ఊరి మురుగుశుద్ధి కేంద్రాలు, సంత మైదానాలు: మారుమూల ప్రాంతాలలో తరచు ఇవే ఆధారం. వీటి వద్ద పెద్ద బోర్డులు ఉండకపోవచ్చును. ఊరి పురపాలక కార్యాలయానికి ఫోను చేసి అడిగినచో చెబుతారు. అటవీ శాఖ, బి.ఎల్.ఎం. స్థానిక కార్యాలయాలలో కూడా ఈ సమాచారం దొరుకుతుంది.

రోడ్డు పక్కన నీలిరంగు పలక మీద తెల్లని లాగుడు బండి, దాని కింద క్రిందికి చూపే బాణం గుర్తు ఉంటే సమీపంలో డంప్ స్టేషను ఉన్నదని అర్థం. యాత్రికులే స్వచ్ఛందంగా సమాచారం చేర్చే ఐఓవర్‌లాండర్ వంటి అనువర్తనాలలో కూడా వెదకవచ్చును. మారుమూల చోట్ల సెల్‌ఫోను సంకేతం అందదు కనుక, పట్టణం దాటక ముందే పటాన్ని ఫోనులోకి దింపుకొని, కనీసం రెండు చోట్ల వివరాలను కాగితం మీద రాసుకొనుట మంచిది. పాత సమాచారాన్ని నమ్మి వెళ్ళినచో తాళం వేసిన మూత ఎదురు కావచ్చును.

శీతల రాష్ట్రాలలో చలికాలమంతా అనేక డంప్ స్టేషన్లు మూసి ఉంటాయి. నీరు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా అక్కడి కుళాయిలను ముందుగానే కట్టివేస్తారు. కొండ ప్రాంతాలకు శరదృతువులో వెళ్ళేవారు దీనిని విచారించుకోవాలి.

ఒక ఉదాహరణ: క్వార్ట్‌సైట్

అరిజోనా రాష్ట్రంలో పదవ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద ఉన్న క్వార్ట్‌సైట్ చిన్న ఎడారి పట్టణం. 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 2,400. చలికాలంలో ఉత్తరాది నుండి వచ్చే ఆర్.వి.లతో ఈ సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది. పట్టణానికి దక్షిణాన ఉన్న లా పోసా దీర్ఘకాల బస క్షేత్రాన్ని బి.ఎల్.ఎం. నిర్వహిస్తుంది. సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు ఇక్కడ అనుమతి పత్రంతో ఉండవచ్చును. కేటాయించిన కొన్ని చోట్ల తప్ప, ఇక్కడ బస చేసే వాహనానికి కనీసం 10 గ్యాలన్ల వ్యర్థజలాల ట్యాంకు స్థిరంగా అమర్చి ఉండాలనే నియమం ఉంది. క్షేత్రంలో డంప్ స్టేషను, నీటి కుళాయిలు, చెత్త తొట్లు ఉన్నాయి. పట్టణం చుట్టూ ఉన్న 14 రోజుల ఉచిత బస స్థలాలలో ఇవేవీ లేవు. అక్కడ ఉండేవారు ఊరిలో రుసుము చెల్లించి ఖాళీ చేసుకోవాలి.

ఖాళీ చేసే విధానం

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. గొట్టం ఒక చివరను వాహనానికి బిగించి, రెండవ చివరను రంధ్రంలో కదలకుండా అమర్చాలి. ముందుగా నల్లనీటి కవాటాన్ని తెరవాలి. అది పూర్తిగా ఖాళీ అయిన తరువాత మూసి, అప్పుడు బూడిదనీటి కవాటాన్ని తెరవాలి. ఇలా చేసినచో సబ్బునీరు గొట్టంలోని మలినాన్ని కడుగుతుంది. చివరకు గొట్టాన్ని, గచ్చును కడిగి, రంధ్రానికి మూత పెట్టాలి. నల్లనీటి ట్యాంకు మూడింట రెండు వంతులు నిండిన తరువాతనే ఖాళీ చేయాలి. నీరు తక్కువైతే ఘనపదార్థం అడుగున పేరుకుపోతుంది.

డంప్ స్టేషను వద్ద గొట్టాలు కడిగే కుళాయి నీటిని ఎన్నడూ తాగరాదు. మంచినీటి ట్యాంకును దానితో నింపరాదు. తాగునీటికి వేరే కుళాయి, వేరే గొట్టం వాడాలి.

దుర్వాసన పోవడానికి వాడే మందులలో ఫార్మాల్డిహైడ్ ఉన్నవాటిని మానుట మంచిది. అది సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని జీర్ణం చేసే బాక్టీరియాను చంపుతుంది. చిన్న పల్లె డంప్ స్టేషన్లు ఆ బాక్టీరియా మీదనే ఆధారపడి పనిచేస్తాయి.

డంప్ స్టేషను దూరమైనప్పుడు

బసను కదపకుండా వ్యర్థాన్ని మాత్రమే తరలించడానికి చక్రాలు గల చిన్న ట్యాంకులు దొరుకుతాయి. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు కనుక 100 లీటర్లు నింపిన ట్యాంకును చేతితో ఎత్తడం అసాధ్యమని గుర్తుంచుకోవాలి. కొన్ని ప్రాంతాలలో లారీ పంపుతో బస వద్దకే వచ్చి ట్యాంకును తోడుకొనిపోయేవారు ఉంటారు. మాసరేటర్ అనే పంపు మలినాన్ని నూరి, సన్నని గొట్టం ద్వారా ఎత్తులో ఉన్న రంధ్రంలోకి కూడా పంపగలదు. ఐరోపాలో ఎక్కువగా వాడే క్యాసెట్ మరుగుదొడ్డిలో సుమారు 20 లీటర్ల డబ్బా ఉంటుంది. దానిని పెట్టెలా బయటకు లాగి, చేతితో పట్టుకొని వెళ్ళి ఖాళీ చేయవచ్చును.

పల్లెలో ఇంటివారి అనుమతితో వారి సెప్టిక్ ట్యాంకులో ఒంపుటకు కొన్నిచోట్ల స్థానిక నియమాలు ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట కూడా ట్యాంకు సామర్థ్యం, వాడిన మందులు ఇంటివారికి ముందే చెప్పుట ధర్మం.

డంప్ స్టేషను నడుపుట చిన్న ఊరికి ఖర్చుతో కూడిన పని. చెత్త వేయుట వలన రంధ్రం మూసుకుపోయినా, గచ్చు మీద మలినం వదిలివేసినా, శుభ్రం చేయవలసినది ఆ ఊరివారే. అది మూతపడినచో తరువాతి డంప్ స్టేషను చాలా దూరంలో ఉండవచ్చును. ఆ దూరం పెరిగినకొద్దీ చీకటిలో వాగు పక్కన కవాటం తెరిచేవారూ పెరుగుతారు. అందుచేత తాను వాడిన చోటును తరువాత వచ్చేవారికి శుభ్రంగా వదలుట ఆర్.వి. ప్రయాణికుల మొదటి బాధ్యత.