‘పుండు’ అంటే క్యాన్సర్ కాదు: గర్భసంచి ముఖద్వారం పరీక్షలో ఏం చూస్తారు?

తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పనో ఆస్పత్రికి పోయిన కూలి మహిళలకు ‘గర్భసంచికి పుండు అయింది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అనే మాట ఎదురవుతోంది. ఆ భయంతో అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న దళిత, ఆదివాసీ మహిళలు ఉన్నారు. అందుకే పరీక్షలో ఏది మామూలో, ఏది అనుమానించాల్సిందో ఆడవాళ్లకూ తెలియాలని మేము అంటున్నాం.

2023 మార్చి 8న కరీంనగర్‌లో ‘ఆరోగ్య మహిళ’ మొదలైంది. తొలి విడత 100 కేంద్రాల్లో ప్రతి మంగళవారం మహిళలకే కేటాయించిన ఆ సేవల్లో క్యాన్సర్ పరీక్షలూ ఉన్నాయి. 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి ‘వీఐఏ’ చేయాలని కేంద్రం 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముఖద్వారానికి 3 నుంచి 5 శాతం అసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటి ద్రవం, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు.

మామూలు ముఖద్వారం గులాబీ రంగులో నున్నగా ఉంటుంది. రంధ్రం కాన్పు కాని వారిలో గుండ్రంగా, అయిన వారిలో అడ్డగీతలా కనిపిస్తుంది. ముట్లుడిగాక పాలిపోతుంది. రంధ్రం చుట్టూ ఎర్రగా ఉండటం చాలామందిలో సహజమే. ‘పుండు’ అని తరచూ పిలిచేది దీన్నే. చిన్న నీటిబుడగల్లాంటి తిత్తులూ క్యాన్సర్ కాదు. తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్ వల్లైతే మందులతో తగ్గుతుంది.

ద్రవం అద్దాక రంధ్రం దగ్గర అంచులు స్పష్టంగా ఉన్న చిక్కటి తెల్లమచ్చ తేలితే ‘పాజిటివ్’ అంటారు. అదీ క్యాన్సర్ అని తేల్చినట్టు కాదు. క్యాన్సర్‌కు ముందు దశ అయితే మచ్చను గడ్డకట్టించో, వేడితోనో తీసేయొచ్చు. చాలామందికి గర్భసంచి తీయాల్సిన పని ఉండదు. గడ్డ, లోతైన పుండు, తాకితే రక్తం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ముక్క పరీక్ష చేయించాలి. కలయిక తర్వాత, ముట్లుడిగాక రక్తం కనిపించినా అంతే.

‘తీసేయాలి’ అంటే ముందు అడగండి: మీరు ఏం చూశారు? వీఐఏ చేశారా? ముక్క పరీక్ష రిపోర్టు ఏది? రాసి ఇమ్మనండి. కరీంనగర్ ప్రభుత్వాస్పత్రిలోనో, ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనో ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

ఇది బతిమాలుకోవడం కాదు. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, వాటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాల్లోనూ పర్యవేక్షణ కమిటీలుండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఏం చేస్తోందని అడగడం మహిళా సంఘాల పని, మనందరి పని.