మీకు తెలుసా? సిక్కోలు, ఇజీనారం ముస్తాబు ముచ్చట్లు

కన్యాశుల్కం పెళ్లికూతురు

లుబ్ధావధాన్లు తాళి కట్టింది ఎవరికో గుర్తుందా? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన, 1909లో గురజాడ పెంచి తిరగరాసిన కన్యాశుల్కం నాటకంలో ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదు. కరటకశాస్త్రి శిష్యుడు. కుర్రాడికి ఆడవేషం కట్టారు, మధురవాణి కంటె మెడకెక్కింది, పెళ్లివారంతా నమ్మేశారు. చివర్లో మధురవాణి కూడా మగవేషంలోనే సౌజన్యారావు పంతులి దగ్గరికి వెళ్తుంది. ఎదుట ఉన్నది ఆడమనిషని ఆయనకు తట్టదు.

మనిషి ఎదురుపడగానే మన చూపు ముక్కు తీరు దగ్గర ఆగదు. బట్ట రంగు, నడక, మెడలో మెరిసే వస్తువు ముందు కంట్లో పడతాయి, ముఖం ఆ తర్వాతే. నాటకాలాడే కరటకశాస్త్రికి ఈ సంగతి బాగా తెలుసు. నా ముఖానికి ఏది నప్పుతుందని అద్దం ముందు తల బద్దలుకొట్టుకునేవాళ్లు ముందు భుజాల దగ్గర ఏ రంగు ఉందో చూసుకుంటే సగం పని అయిపోతుంది.

తెలుపులో ఎన్ని తెలుపులు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసిన, చలవ చెయ్యని ఖద్దరు ముక్కనొకటి, మెరిసిపోయే పాలిస్టర్ తెల్లచొక్కానొకటి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ తెలుపే, కానీ ఒకటి మీగడ రంగు, రెండోది నీలం కలిసిన తెలుపు. మిల్లు బట్టకు తెల్లదనం కోసం ఒక రసాయనం పట్టిస్తారు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను అది పీల్చుకుని నీలికాంతిగా బయటికి వదులుతుంది. మన పెరట్లో ఉతికిన పంచెలకు నీలిమందు పెట్టేదీ ఇలాంటి పని కోసమే, గుడ్డలోని పసుపుదనాన్ని నీలంతో కప్పడానికి.

ఆ నీలితెలుపు చామనఛాయ ముఖం పక్కకు వచ్చిందంటే ముఖం కళతప్పి బూడిదగా కనిపిస్తుంది. మీగడతెలుపు అలా చెయ్యదు, చర్మంలోని వెచ్చదనాన్ని పైకి తెస్తుంది. తెలుపు కడితే మరీ నల్లగా కనబడతానని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. తెలుపు మార్చి చూస్తే చాలామంది భయం తీరుతుంది.

పొందూరు బట్టకు ఆ రంగు పత్తి నుంచే వస్తుంది. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అని ఇక్కడ రకాలున్నాయి. ఎర్రపత్తి నూలుకు ఏ అద్దకమూ లేకుండానే లేత గోధుమ ఛాయ ఉంటుంది. పత్తిని శుభ్రం చేసే పనిముట్టు చూస్తే ఇంకా వింత: వాలుగ చేప దవడ ఎముక. దానికి సన్నటి పళ్లు బారుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజను అంటుకుని ఉన్న పత్తిని చేత్తో పట్టుకుని ఆ పళ్లతో దువ్వితే పొట్టు, నలక రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. తర్వాత చుట్టిన ఏకులను దుమ్ము పట్టకుండా ఎండిన అరటి పట్టలో దాస్తారు. వడికేది ఒంటి కదురు రాట్నం మీద. వందో నంబరు దాటిన సన్ననూలు అలా చేత్తోనే తీస్తారు. ఈ బట్ట నాణ్యం సంగతి విని గాంధీజీ 1921లో కొడుకు దేవదాసును పొందూరు పంపారు. అక్కడి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో మొదలైంది. అక్కినేని నాగేశ్వరరావు ఈ పంచెలంటే ఇష్టపడేవారు.

చేతి నూలు ఒకచోట సన్నం, ఒకచోట కాస్త లావు. అందుకే గుడ్డ మీద పడిన వెలుతురు నాలుగు వైపులా చెదిరిపోతుంది, నిగనిగ ఉండదు. శాటిన్‌లాంటి మెరుపు గుడ్డ ఒంట్లోని ప్రతి మడతనూ ఎత్తి చూపిస్తుంది. పొట్ట దాచుకోవాలనుకునేవాళ్లకు ఖద్దరును మించిన స్నేహితుడు లేడు.

రంగు మీద నేతగాళ్ల ఫిర్యాదు

ప్యారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నలుపు అద్దకం బాగుండటం లేదని ఒకప్పుడు గొడవ వచ్చింది. అద్దకాల పెద్ద షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త. ఆయన పరీక్షించి చూస్తే తప్పు నలుపుది కాదు, పక్కన నేసిన రంగులది. ఏ రంగైనా పక్కదాని మీద తన విరుద్ధ రంగు ఛాయను పడేస్తుందని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. అందులో ఎవరికి ఏ రంగు బట్టలు బాగుంటాయన్న చర్చ కూడా ఉంది. ఆకుపచ్చ పక్కన ముఖంలో ఎరుపు హెచ్చుతుంది. పసుపు పక్కన ఊదా ఛాయ కలిసి, ముఖంలోని పచ్చదనం కాస్త తగ్గుతుంది.

కాబట్టి "నల్లపిల్లవి, పసుపు కట్టకే" అనే పెద్దమ్మల మాటను తోసిపుచ్చవచ్చు. పసుపు నప్పేది అసలు మన ఛాయలకే. నల్లటి జుట్టు, చిక్కటి ఛాయ ఉన్నవాళ్ల మీద ముదురు రంగులు నిలబడతాయి. లేత గులాబీ, వెలిసిన లేతాకుపచ్చ వంటివే తేలిపోతాయి.

మణికట్టు దగ్గర నరాలు నీలమో ఆకుపచ్చో చూసి రంగులు ఎంచుకోమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. మన చర్మాల మీద అది సరిగా పనిచెయ్యదు, చాలామందికి ఆకుపచ్చగానే కనబడుతుంది. అంతకంటే పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని, రెండు మూడు గుడ్డలు ఒకదాని తర్వాత ఒకటి గడ్డం కిందికి తెచ్చుకోండి. ఏ గుడ్డ పెట్టినప్పుడు కళ్లకింద నలుపు తగ్గినట్టుంటుందో అదే మీ రంగు.

"ఓపాలి బైటికి తెచ్చి సూపించు బాబూ"

విజయనగరం గంటస్తంభం పక్కన బట్టల కొట్లలోనైనా, శ్రీకాకుళం బజారులోనైనా చీరల బేరంలో తప్పక వినబడే మాట ఇది. కొట్టువాడు విసుక్కున్నా మానకండి. రెండు అద్దకాలు ఒక దీపం కింద ఒకేలా ఉండి, ఇంకో దీపం కింద వేరుగా కనబడటం మామూలే. చీరకు జాకెట్టు ముక్క ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిపోయి, ఎండలో చూస్తే ఎడమొహం పెడమొహంగా ఉండేది అందుకే. రాత్రి పెళ్లికి కట్టే చీరనైతే పగటి వెలుతురులో మాత్రమే చూడటం కూడా తప్పే. లోపలా చూడండి, బయటా చూడండి.

కాగడా వెలుగులో సత్యభామ

తూర్పు భాగోతంలో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. వీధి భాగవతాల్లో ముఖానికి పూసేది అర్దళం, అంటే పసుపుపచ్చని ఒక ఖనిజం పొడి. కాగడాల ముందు ఆట. మధ్యలో గుగ్గిలం పొడి చల్లితే కాగడా భగ్గుమనేది, ఆ వెలుగులో పాత్ర ముఖం బంగారంలా మెరిసేది. మంటలో ఎరుపు, పసుపు కాంతి దండిగా ఉంటుంది, నీలం బహు తక్కువ. నీలిచీర ఆ వెలుగులో నల్లచీర అయిపోతుంది. వేషగాళ్లు పసుపునూ ఎరుపునూ పట్టుకున్నది చాదస్తంతో కాదు, దీపాన్ని చూసుకుని.

ఈ లెక్క ఇప్పటికీ చెల్లుతుంది. పసుపు బల్బుల వరసలు వేలాడే రిసెప్షన్‌కు ముదురు నీలం పట్టుచీర కట్టి వెళ్తే జరీ తప్ప ఏమీ కనబడదు. మిరపపండు ఎరుపు, మామిడిపండు రంగు అయితే వెలిగిపోతాయి. అన్నట్టు అర్దళంలో ఉండేది ఆర్సెనిక్, పచ్చి విషం. ఎక్కడైనా దొరికిందని ముఖానికి పూసుకోకండి.

మీ పౌడరు డబ్బాలో సముద్రపు ఇసుక

శ్రీకాకుళం జిల్లా గార మండలం వత్సవలస తీరాన ఇసుక తిన్నెల్లో నల్లటి చారలు కనబడతాయి. అందులో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, రూటైల్ వంటి బరువైన ఖనిజాలున్నాయి. ఇల్మనైట్ నుంచి తీసేదే టైటానియం డయాక్సైడ్. గోడ రంగుల దగ్గర నుంచి ఫేస్ పౌడర్, ఫౌండేషన్, సన్‌స్క్రీన్ దాకా తెలుపు కావలసిన ప్రతిచోటా అదే. వెలుతురును వంచడంలో రూటైల్ వజ్రాన్ని మించింది. అందుకే పొడి కొట్టినప్పుడు అంత తెల్లగా ఉంటుంది.

నల్లటి ఇసుక నుంచి తీసిన ఆ తెలుపే మన ముఖాలకు చిక్కు తెచ్చిపెడుతుంది. చిక్కటి ఛాయ మీద అది పలచగా పరుచుకుంటే బూడిద రంగు తేలుతుంది. పెళ్లి ఆల్బంలో ముఖం తెల్లగా, మెడ నల్లగా పడేది దీనివల్లే. పైగా కెమెరా ఫ్లాష్ వెలుగును ఆ పొడి నేరుగా తిప్పికొడుతుంది. ఆ బూడిద రంగుకు విరుగుడు ఇనుము ఆక్సైడ్లు, అంటే ఎరుపు, పసుపు, నలుపు పొడులు. ఇవి సరైన పాళ్లలో కలిసినప్పుడే చామనఛాయకు తగ్గ షేడు తయారవుతుంది. ఇవి మామూలు వెలుతురును కూడా కొంత అడ్డుకుంటాయి కాబట్టి మంగు మచ్చలున్నవాళ్లకు రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలని చర్మవైద్యులు చెబుతారు.

షేడు చూసుకునేది చేతి మీద కాదు, దవడ అంచున, మెడ మొదలయ్యే చోట. రాసి, కొంచెంసేపు ఆగి, బయటికి వచ్చి చూడండి. ఎక్కడ రాశారో కనబడకపోతే అది మీదే. కళ్లకింద నలుపుకు తెల్లటి కన్సీలర్ రాస్తే అక్కడ బూడిద పూసినట్టే ఉంటుంది. ముందు నారింజ ఛాయది పలచగా అద్ది, పైన మీ షేడు వెయ్యండి. నీలినలుపును నారింజ మింగేస్తుంది.

ఇంకో సంగతి. ఫిల్ము కెమెరాల కాలంలో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన కార్డుల మీద చాలా ఏళ్లు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. పాత ఫొటోల్లో మరీ నల్లగా పడ్డామని బాధపడినవాళ్లు ఆ నింద కొంత ఆ కార్డు మీద వెయ్యొచ్చు.

అడ్డచారలు లావు చేస్తాయా?

చేస్తాయనే అందరూ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీనికి అడ్డం చెప్పాడు: అడ్డగీతలతో నింపిన చతురస్రం పొడుగ్గా, సన్నగా కనబడుతుంది. ఇంగ్లండ్‌లో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థామ్సన్ ఆ మాటను మనుషుల బొమ్మల మీద పరీక్షించి 2011లో ప్రచురించాడు. అడ్డచారల బట్ట లావుగా చూపించలేదు. మన విజయనగరం, కొరాపుట్ కొండల్లోని గదబ ఆడవాళ్లు కెరాంగ్ మొక్క నార, నూలు కలిపి సంప్రదాయంగా నేసుకునే చీరలకు ఎరుపు, నీలం, తెలుపు వెడల్పు పట్టీలే అందం. వాళ్లనెవరూ ఈ భయం పెట్టి బెదిరించలేదు.

గుండ్రటి ముఖానికి ఈ మెడ, కోల ముఖానికి ఆ మెడ అని పట్టికలు వేసి చెప్పే సలహాలకు నేను పెద్ద విలువ ఇవ్వను. జాకెట్టు భుజం దగ్గర సరిగ్గా కూర్చుంటే ఏ మెడైనా నప్పుతుంది. దర్జీ మంచివాడు కావాలి, అంతే.

నిమ్మచుక్క పరీక్ష

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. కుంకుమ పుట్టుక అదే. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా మారడమూ అందుకే. కొన్న కుంకుమ చిటికెడు తీసి నిమ్మచుక్క వెయ్యండి, పసుపుకు తిరిగితే పసుపుతో చేసింది. చలించకుండా ఎర్రగానే ఉంటే రసాయన రంగు అనుకోవాలి.

స్టిక్కర్ బొట్టుతో కాస్త జాగ్రత్త. కొన్నింటి జిగురులో ఉండే ఒక రసాయనం పడనివాళ్లకు నుదుట బొట్టంత మేర చర్మం రంగు పోయి తెల్లమచ్చ మిగులుతుంది. దురద మొదలవగానే మానేసి వైద్యుణ్ణి కలవాలి.

తెల్లబడే క్రీములు

ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది, 2020లో పేరులోంచి ఆ మొదటి మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. దానికంటే భయపడాల్సింది చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి రాసే స్టెరాయిడ్ క్రీములకు. మొదట ముఖం తేటపడుతుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రనరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, మానితే మంట. 2018లో ప్రభుత్వం ఇలాంటి పలు క్రీములను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది.

గంజి లెక్క

నూలు చీరకూ పంచెకూ గంజి పెట్టేది మడత నిలబడటానికే అనుకుంటాం. ఒంటి తీరును మార్చి చూపించే పని కూడా గంజి చేస్తుంది. బిరుసుగా ఉన్న గుడ్డ ఒంటికి అంటుకోకుండా ఎడంగా నిలబడి, సన్నటి మనిషికి కాస్త నిండుదనం ఇస్తుంది. అదే గుడ్డ భారీ మనిషిని ఇంకా వెడల్పు చేస్తుంది. కాబట్టి బక్కపలచనివాళ్లు చిక్కటి గంజి పెట్టించుకోండి. కాస్త ఒళ్లున్నవాళ్లు గంజిని పలచన చేసుకోండి, లేదా ఒక ఉతుకు పడ్డాక కట్టండి.